పదహారేళ్ల కొడుకును దుబాయిలో ఉన్న తండ్రి దగ్గరకు పంపవచ్చా?

చెల్లెమ్మా,

మీరు రాసింది రెండుసార్లు చదివాను. మీ ఆయన దుబాయి వెళ్లి పదమూడేళ్లయింది, మధ్యలో ఇంటికి వచ్చింది ఐదుసార్లు. బాబు పదో తరగతి పరీక్షలు రాశాడు. ఈ వేసవిలో ఒక నెల తన దగ్గరకు పంపమని తండ్రి అడుగుతున్నాడు. బాబేమో ఒకరోజు వెళ్తానంటాడు, మర్నాడు "ఆయన నాకేమవుతాడని వెళ్లాలి" అంటాడు. అక్కడ ఎక్కడ ఉంటాడో, ఏం చూస్తాడో, వచ్చాక ఎలా మారిపోతాడోనని మీ భయం. అంతా రాసి చివర్లో ఒక మాట చేర్చారు: "వెళ్తే కనీసం అక్కడ ఆయన డబ్బు ఏమవుతోందో చూసి వస్తాడు కదా."

పంపండి. కానీ ఆ చివరి పని పెట్టి మాత్రం పంపకండి.

నేను గల్ఫ్ నేల మీద మొదటిసారి దిగింది ఉద్యోగానికి కాదు, నాన్నను చూడటానికి. అది 1996 మే నెల, నాకు పదహారేళ్లు. ఆ తర్వాత 1999 నుంచి 2021 దాకా షార్జాలో, దుబాయిలో నిర్మాణ కంపెనీల్లో టైమ్‌కీపరుగా పనిచేశాను. ఎవరు ఎన్ని గంటలు పనిచేశారో రాసుకునే పని అది. అందువల్ల ఎవరి జీతం ఎంత, సెలవు రోజున కూడా ఓవర్‌టైముకు ఎవరు వస్తున్నారు, ఎవరింట్లో ఆడపిల్ల పెళ్లి ఉంది, అన్నీ నాకు తెలిసేవి. ఆ ఇరవై రెండేళ్లలో తండ్రిని చూడటానికి వచ్చిన పిల్లలను పది పన్నెండు మందిని దగ్గరగా చూశాను. కొందరి కాగితాల పని నేనే దగ్గరుండి చేయించాను.

ముందు ఆ డబ్బు లెక్క నేనే చెప్తాను, దానికి బాబు అక్కర్లేదు. జీతం 1,600 దిర్హమ్‌లని రాశారు. మెస్సుకు నెలకు 350 నుంచి 400 అవుతుంది. ఫోనుకు వంద. సబ్బులు, క్షవరం, సెలవు రోజు బస్సు ఛార్జీ, జ్వరమొస్తే మాత్రలు, అన్నీ కలిపి మరో వంద. మిగిలేది వెయ్యి. దిర్హమ్‌కు 23, 24 రూపాయలు అనుకుని చూస్తే మీకు నెలనెలా వస్తున్న 20 వేలు అందులోవే. మిగతా మూడు నాలుగు వేలు గదిలో వాళ్లతో వేసిన చిట్టీకి పోతుంటాయి, లేదా ఊరికి చేతులూపుకుంటూ రాలేక దాచుకుంటుంటాడు. నూటికి రెండు రూపాయల వడ్డీకి తెచ్చి ఏజెంటుకు కట్టిన అప్పు తీరడానికే చాలామందికి మొదటి రెండు మూడేళ్లు పడుతుంది, అది మీకు నాకంటే బాగా తెలుసు. ఇంకా అనుమానముంటే నేరుగా ఆయననే అడగండి. ఇప్పుడు జీతం బ్యాంకు కార్డులో పడుతుంది, ఫోనుకు సందేశం వస్తుంది, చూపించమనవచ్చు. ఆ అడగడం భార్యాభర్తల మధ్య ఉండాల్సిన మాట. పదహారేళ్ల పిల్లాడికి అప్పగిస్తే వాడు నెల రోజులూ తండ్రి ముఖం చూడడు, జేబు చూస్తాడు.

ఇక నా సంగతి చెప్తాను. మీరు అడిగిన వాటికి సగం జవాబులు అందులోనే ఉన్నాయి.

నాన్న 1984లో వెళ్లాడు, నాకు నాలుగేళ్లు. పన్నెండేళ్లలో నాలుగుసార్లు వచ్చాడు. అప్పట్లో మా ఊళ్లో ఫోను లేదు, ఉత్తరాలూ క్యాసెట్లే. చుట్టీకి, అంటే సెలవుకు వచ్చేవాళ్ల చేతికి నాన్న క్యాసెట్టు ఇచ్చి పంపేవాడు. ఒక వైపు నానమ్మకు, ఒక వైపు అమ్మకు. అమ్మ వైపు చివర్లో నాకో రెండు నిమిషాలు ఉండేవి: "బాబూ, బాగా చదువుకో, అమ్మను సతాయించకు, ఎండలో తిరగకు." ఆ గొంతు వెనక తిరిగే ఫ్యాను చప్పుడు, ఎవరో గిన్నె కింద పెట్టిన చప్పుడు కూడా నాకు కంఠతా వచ్చు. నాకు నాన్నంటే ఆ రెండు నిమిషాలే.

పదో తరగతి అయ్యాక నాన్న విజిట్ వీసా పంపాడు. చుట్టీ ముగించుకుని తిరిగి వెళ్తున్న మా ఊరి చిన్నాన్న వరసాయనతో బస్సులో బొంబాయి, అక్కడి నుంచి విమానం. నాన్న షార్జాలో షట్టరింగ్ కార్పెంటరు, కాంక్రీటు పోయడానికి చెక్క పలకలు బిగించే పని. ఒక పాత ఇంట్లో మూడు గదుల్లో పద్నాలుగు మంది ఉండేవాళ్లు. నా కోసం పక్క మంచం ఆయన నెల రోజులు వరండాలో పడుకోవడానికి ఒప్పుకున్నాడు. నిజామాబాద్ దగ్గరి మనిషి, ఇప్పుడు లేడు.

మొదటి మూడు రోజులు ఎలా గడిచాయో మీరు తెలుసుకోవాలి, ఎందుకంటే మీ బాబుకూ అలాగే గడుస్తాయి. మాటలు లేవు. నాన్న ఎదురుగా కూర్చుని క్యాసెట్టులో మాటలే మళ్లీ అడిగాడు. బాగా చదువుతున్నావా? అమ్మ బాగుందా? ఎండలో తిరగడం లేదు కదా? నేను తల ఊపాను. తర్వాత ఇద్దరికీ ఏమీ తోచలేదు. బజారుకు తీసుకెళ్లి వాచీ కొనిచ్చాడు, చొక్కాలు కొనిచ్చాడు. రోడ్డు దాటేటప్పుడు నా మణికట్టు గట్టిగా పట్టుకున్నాడు. అప్పటికి నేను ఆయనకంటే నాలుగు వేళ్లు పొడుగు. విడిపించుకోవాలనిపించింది, విడిపించుకోలేదు. రాత్రి పడుకుని రోజులు లెక్కపెట్టుకున్నాను, ఇంకా ఇరవై ఏడు ఉన్నాయి.

నాలుగో రోజు తెల్లవారుజామున మూడున్నరకు మెలకువ వచ్చింది. పక్కన నాన్న లేడు. వంటగదిలో దీపం వెలుగుతోంది, లేచి వెళ్లాను. ఐదు గ్యాసు పొయ్యిలు, ఐదుగురు మనుషులు, ఎవరి పొయ్యి వాళ్లదే. ఎవరూ మాట్లాడటం లేదు. నాన్న లుంగీ పైకి కట్టి, ఎడమ అరచేతిలోనే ఉల్లిగడ్డ పెట్టుకుని చకచకా తరుగుతున్నాడు. నూనెలో చిటికెడు మెంతులు వేసి, అవి ఎర్రబడేదాకా కదలకుండా చూసి, అప్పుడు వెల్లుల్లి వేశాడు. ఉడికిన పప్పును అందులోకి వంచాడు. చుక్క అరచేతిలో వేసుకుని ఉప్పు చూసుకున్నాడు. మా ఇంట్లో నాన్న మంచినీళ్లు కూడా తనంతట తాను ముంచుకోడు. చుట్టీకి వస్తే ఇల్లంతా ఆయన చుట్టూ తిరుగుతుంది. ఆయన ఇంత బాగా వంట చేయగలడని అమ్మకు కూడా తెలియదు.

గడప దగ్గర నన్ను చూసి, "లేచావా, ఆ టమాటాలు కడుగు" అన్నాడు. కడిగాను. "సన్నగా కొయ్యి" అన్నాడు. కోశాను. క్యాసెట్టులో లేని మాటలు ఆయన నోట నేను మొదటిసారి విన్నది అప్పుడే. ఆ రోజు నుంచి మూడున్నరకు నేనూ లేచాను. మా ఇద్దరి మధ్య మాట మొదలైంది టమాటాల దగ్గర, బియ్యం కడిగే దగ్గర, టిఫిను డబ్బా మూత బిగించే దగ్గర.

అందుకే మీకు చెప్పే మొదటి మాట ఇది. తండ్రీకొడుకులను ఎదురెదురుగా కూర్చోబెట్టి మాట్లాడుకోమంటే మాట్లాడుకోలేరు. ఇద్దరి చేతుల్లో ఒక పని ఉండాలి. వంట కావచ్చు, సెలవు రోజు బట్టలుతకడం కావచ్చు, మంగలి దుకాణంలో వరసలో కూర్చోవడం కావచ్చు. మీ ఆయన ఫోనులో ఏమంటున్నారో నేను ఊహించగలను: బుర్జ్ ఖలీఫా చూపిస్తాను, పెద్ద మాల్‌కు తీసుకెళ్తాను, ఎడారిలో కారు ఎక్కిస్తాను. ఒక రోజు చూపించనివ్వండి, ఆయనకూ అది సరదా. 828 మీటర్ల ఆ మేడ మీద మన జిల్లాల వాళ్ల చెమట కూడా ఉంది, చూడాల్సిందే. కానీ వాటికోసం గదిలోవాళ్ల దగ్గర రెండు మూడు వేల దిర్హమ్‌లు అప్పు చేసే తండ్రులను నేను కళ్లారా చూశాను. పిల్లాడు కొత్త ఫోనుతో విమానమెక్కుతాడు, తండ్రి ఆరు నెలలు ఓవర్‌టైము చేస్తాడు. బావగారికి ఈ మాట మీరే చెప్పండి: అప్పు చేయవద్దు, వండే చోటు చూపించండి.

ఇప్పుడు కష్టమైన భాగం.

వంట అయ్యాక నాన్నతో పాటు కంపెనీ బస్సు ఆగే చోటికి నడిచి వెళ్లేవాణ్ని. ఒకరోజు అక్కడ ఫోర్‌మన్ నిలబడి ఉన్నాడు, పాతికేళ్లు కూడా ఉండవు. నాన్న వయసు అప్పటికి నలభై. ముందు రోజు బిగించిన పలకల్లో ఏదో వంకర వచ్చిందట. అందరి ముందూ పేరు పెట్టి పిలిచి, ఏకవచనంతో అరిచాడు. నాన్న టిఫిను డబ్బా రెండు చేతులతో పట్టుకుని "జీ సాబ్, జీ సాబ్" అన్నాడు. మా ఊళ్లో నాన్న వస్తున్నాడంటే అరుగు మీద వాళ్లు లేచి నిలబడతారు. నాకు ఆ ఫోర్‌మన్ మీద కోపం రాలేదు. నాన్న మీద వచ్చింది. ఎందుకు వంగాడు అని.

ఆ రాత్రి నేను ఆయన ముఖం చూడలేదు, అన్నం తిని పడుకున్నాను. నాన్నకు అర్థమైంది. దీపం ఆర్పుతూ, "రేపు బస్సు దగ్గరికి రాకు, ఎండ ఎక్కువగా ఉంటోంది" అన్నాడు. తెల్లవారుజామున నాలుగున్నరకు ఎండేమిటి?

మర్నాడు వెళ్లాను. ఫోర్‌మన్ అదే చోట ఉన్నాడు. నాన్న నన్ను చూశాడు, ఏమీ అనలేదు. బూటు తాడు ఊడితే కట్టుకోవడానికి కిందికి వంగుతూ టిఫిను డబ్బా నా చేతికిచ్చాడు. నేను అది పట్టుకుని ఆయన పక్కన నిలబడ్డాను, ఆయన బస్సెక్కేదాకా. నేను చిన్నపిల్లాడిగా ఉండటం మానేసింది ఎప్పుడని ఎవరైనా అడిగితే నాకు ఆ రెండు నిమిషాలే గుర్తొస్తాయి.

మీ బాబు కూడా అలాంటిది ఏదో ఒకటి చూస్తాడు, తప్పదు. మీరు భయపడుతున్నది దాని గురించే. అది చూడనివ్వకుండా మాల్‌లోనే తిప్పి పంపితే, తండ్రి మీద ఇప్పుడున్న కోపమే ఇంకాస్త ముదురుతుంది: ఇంత అందమైన ఊళ్లో ఉంటూ మమ్మల్ని ఎందుకు తీసుకురాలేదు అనుకుంటాడు. ఎందుకు తీసుకురాలేదో వాడికి చెప్పండి. భార్యాపిల్లలను అక్కడ ఉంచుకునే వీసా కావాలంటే నెలకు 4,000 దిర్హమ్‌ల జీతం ఉండాలి, లేదా 3,000 జీతంతో పాటు కంపెనీ ఇల్లు ఇవ్వాలి. 1,600 తెచ్చుకునే మనిషికి ఆ తలుపు తెరుచుకోదు. చాలా ఇళ్లలో పిల్లలకు ఈ ఒక్క ముక్క ఎవరూ చెప్పరు. నాన్నకు మేమంటే ఇష్టం లేదు కాబట్టి పిలవలేదనే లెక్కతోనే వాళ్లు పెరుగుతారు.

ఎండ సంగతీ చెప్పాలి. మధ్యాహ్నం పూట ఎండలో పని ఆపించే నియమం 2005లో వచ్చింది, మా నాన్న రోజుల్లో లేదు. ఇప్పుడు కూడా జూన్ 15 నుంచి సెప్టెంబరు 15 వరకే, పన్నెండున్నర నుంచి మూడు గంటల దాకా. మీ బాబు మే నెలలో వెళ్తే ఆ నియమం మొదలుకాని ఎండల్లో తండ్రిని చూస్తాడు. సాయంత్రం బస్సు దిగే మనిషిని చూస్తే చాలు, పని జరిగే చోటికి వెళ్లనక్కర్లేదు, వెళ్లనివ్వరు కూడా.

బావగారికి చెప్పాల్సిన రెండో మాట మొదటిదానికంటే ముఖ్యం. గల్ఫ్‌లో ఉన్న ప్రతి తండ్రీ కొడుకుతో ఒక మాట అంటాడు: "నాలా కావద్దురా, చదువుకో." మా నాన్న అన్నాడు. నేను చూసిన ప్రతి తండ్రీ అన్నాడు. ప్రేమతోనే అంటారు. కానీ పదహారేళ్ల పిల్లాడికి అది ఎలా వినపడుతుందో ఆలోచించండి. నా బతుకు పనికిరానిది, దీన్ని చూసి అసహ్యించుకో, దీనికి దూరంగా పారిపో అని తండ్రే చెప్తున్నట్టు ఉంటుంది. వాడు నిజంగానే అసహ్యించుకోవడం మొదలుపెడతాడు, ఆ అసహ్యానికి తర్వాత జీవితమంతా సిగ్గుపడతాడు. నేను పడ్డాను. ఆ మాట బదులు తన పని గురించి చెప్పమనండి. పలక ఎలా బిగిస్తారు, కాంక్రీటు బరువుకు అది ఎందుకు విచ్చుకోదు, ఏ ఏ భవనాలకు తన చేయి తగిలింది, చెప్పమనండి. మా నాన్న ఒక్క సాయంత్రం షార్జాలో ఒక మసీదు పక్కన ఆగి, "ఈ మెట్ల పలకలు నేను కొట్టినవే" అన్నాడు. తిరిగి వచ్చాక నేను స్నేహితులకు చెప్పుకున్నది ఆ మెట్ల గురించే.

మూడో మాట అబద్ధాల గురించి. 2014లో ఒక అబ్బాయి వచ్చాడు, ఊరు చెప్పను. తండ్రి ఫోర్‌మన్ అని ఇంట్లో అందరూ అనుకుంటున్నారు. నిజానికి ఆయన క్యాంపులో స్నానాల గదులు శుభ్రం చేసే పనిలో ఉన్నాడు. పని కష్టమైనదే, గౌరవమైనదే, కానీ ఆయన చెప్పుకోలేకపోయాడు. తలుపు వెనక తగిలించిన యూనిఫాం చూసి అబ్బాయికి రెండో రోజే తెలిసిపోయింది. ఇద్దరూ ఆ విషయం ఎత్తలేదు. ఇంటికి వెళ్లాక వాడు తల్లితో, "నాన్న కింద నలభై మంది పనిచేస్తారు" అన్నాడట. నాలుగేళ్ల తర్వాత నాకు ఫోను చేసి చెప్తూ ఏడ్చాడు. అమ్మకు చెప్తే నాన్న పరువు పోతుంది, చెప్పకపోతే అమ్మను మోసం చేసినట్టు. పదిహేడేళ్ల వయసులో ఇద్దరు పెద్దవాళ్ల మధ్య అబద్ధానికి కాపలా కాశాడు ఆ పిల్లాడు. కాబట్టి బాబు విమానమెక్కే ముందే బావగారితో మీరు ఒక పూట ప్రశాంతంగా మాట్లాడండి. జీతం, పని, అప్పు, ఆరోగ్యం, ఏది దాచి ఉన్నా ఇప్పుడు చెప్పమనండి, కోపం తెచ్చుకోనని మాటివ్వండి, ఆ మాట నిలబెట్టుకోండి. మీకు తెలిసిన నిజాన్ని వాడు దాచనక్కర్లేదు.

మీ ఇంట్లో ఆ పరిస్థితి లేదు గాని, ఇది చదివే మిగతావాళ్ల కోసం ఒకటి చెప్తాను. తండ్రి ఏళ్ల తరబడి డబ్బూ పంపక, ఫోనూ చేయక ఉంటే, లేదా అక్కడ ఇంకో సంసారం ఉందని వినపడుతుంటే, మొదట పిల్లలను పంపకండి. పెద్దవాళ్లు ఎవరైనా వెళ్లి చూసి రావాలి. ఖల్లివెల్లి అయి, అంటే కంపెనీ వదిలి పారిపోయి, కాగితాలు లేకుండా దాక్కుని బతుకుతున్న తండ్రి దగ్గరకు కూడా పంపకూడదు. అలాంటివాళ్లకు అక్కడి ప్రభుత్వం క్షమాభిక్ష ప్రకటించినప్పుడు తండ్రే ఇంటికి చేరేలా చూడటం మేలు, 2024 సెప్టెంబరు నుంచి డిసెంబరు దాకా అలాంటి అవకాశమొకటి ఇచ్చారు. కడప, కోనసీమ వైపు తల్లులే కువైట్‌కు వెళ్లి ఇళ్లలో పనిచేస్తున్నారు, ఆ పిల్లల దుఃఖం వేరు. యజమాని ఇంట్లో ఉండే తల్లి దగ్గరకు పిల్లలు వెళ్లే దారే ఉండదు.

ఇక మీరడిగిన వసతి. బావగారు సోనాపూర్ క్యాంపులో ఉంటారని రాశారు. లేబర్ క్యాంపులో కుటుంబాలను, పిల్లలను రాత్రి ఉండనివ్వరు, కాపలావాళ్లను బతిమాలి దొంగచాటుగా ఉంచాలని చూడవద్దు. పట్టుబడితే పోయేది ఆయన ఉద్యోగం. దుబాయి పాత బస్తీ దేరాలో మంచం అద్దెకు తీసుకుంటానని ఆయన అనవచ్చు. ఒకే గదిని ప్లైవుడ్డుతో నాలుగు ముక్కలు చేసిన చోట ముక్కూ మొహం తెలియని మగవాళ్ల మధ్య పిల్లాడిని ఒంటరిగా పగలంతా వదలకూడదు. మీ మండలం వాళ్లు, బంధువులు ఎవరైనా కుటుంబంతో అక్కడ ఉన్నారేమో చూడండి, తప్పక ఉంటారు. రాత్రి వాళ్లింట్లో పడుకుని, సాయంత్రాలూ సెలవు రోజులూ తండ్రితో గడిపితే చాలు. సంవత్సరానికి ముప్పై రోజుల సెలవు అక్కడి చట్టం ఇస్తుంది. అందులో ఒక ఎనిమిది పది రోజులు బాబు కోసం తీసుకోమనండి, మొత్తం నెలంతా వద్దు. పనికి వెళ్లే తండ్రినీ చూడాలి, పని లేని తండ్రినీ చూడాలి.

అలాగే ఒక సాయంత్రం ఇద్దరినీ దేరా నుంచి బర్ దుబాయికి పడవలో ఖాడీ, అంటే సముద్రపు పాయ, దాటమనండి. అబ్రా అంటారు దాన్ని, ఒక్క దిర్హమ్. ఎందుకంటే ఆ పడవలో ఎదురెదురుగా కూర్చోరు, అందరూ నీళ్ల వైపు తిరిగి పక్కపక్కన కూర్చుంటారు. మా నాన్న మనసు విప్పింది అక్కడే. 1991లో నానమ్మ పోయింది. ఆ కబురు ఉత్తరంలో ఆయనకు చేరేసరికి పదిహేను రోజులైంది, దినాలు కూడా అయిపోయాయి. ఆ రోజు కూడా పనికి వెళ్లానని చెప్పాడు. ఆ తర్వాత చాలాసేపు ఊరుకుని, "ఆమె పోయాక మీకు ఒక క్యాసెట్టు వచ్చి ఉంటుంది, నేను ముందే పంపినది. నానమ్మ వైపు విన్నారా?" అని అడిగాడు. వినలేదు. అమ్మ దాన్ని బియ్యం డబ్బాలో దాచింది, ఎవరూ వేయలేదు. ఆ మాటే చెప్పాను. నాన్న తల ఊపాడు. పడవ ఒడ్డుకు తగిలింది, దిగాం. ఆయన నా మణికట్టు పట్టుకోలేదు, నేనే ఆయన చేయి పట్టుకున్నాను.

కాగితాల విషయంలో చాలామంది పొరపాటు చేసేది పాస్‌పోర్టులో పేరు దగ్గర. మన వైపు పిల్లలకు ఇంటిపేరు గడి ఖాళీగా వదిలేసి ఒక్క పేరుతోనే పాస్‌పోర్టు తీసేస్తారు. 2022 నవంబరు నుంచి ఒక్క పేరే ఉన్న పాస్‌పోర్టుతో విజిట్ వీసాకు యూఏఈలో ఇబ్బందులు వస్తున్నాయి. కొత్తగా తీస్తుంటే ఇంటిపేరు, పేరు రెండూ వేయించండి, ఆధార్‌లో, పదో తరగతి మెమోలో, పాస్‌పోర్టులో అక్షరాలు ఒకేలా ఉండేలా చూడండి. పిల్లల పాస్‌పోర్టుకు తల్లిదండ్రులిద్దరి సమ్మతి కావాలి. తండ్రి అక్కడున్నారు కాబట్టి ఆయన వైపు పత్రం దుబాయిలోని భారత కాన్సులేట్‌లో ధ్రువీకరించి పంపవచ్చు, దానికి టైము పడుతుంది, ఇప్పుడే మొదలుపెట్టండి. బాబు ఒంటరిగా వెళ్తుంటే మీరు సంతకం చేసిన సమ్మతి పత్రం, జనన ధ్రువపత్రం, తండ్రి వీసా, ఎమిరేట్స్ ఐడీ (అక్కడి గుర్తింపు కార్డు) నకళ్లు చేతి సంచీలో ఉండాలి. పద్దెనిమిదేళ్ల లోపు పిల్లల విషయంలో ఒక్కో విమాన సంస్థకు ఒక్కో నియమం, టికెట్టు తీసేముందే అడగండి. ఇంకో సంగతి, అక్కడ వాట్సాప్‌లో కాల్స్ పనిచేయవు. ఇప్పుడు మీ ఆయన మాట్లాడే యాప్ బోటిమ్‌నే బాబు ఫోనులోనూ పెట్టి పంపండి. లేకపోతే దిగిన రోజే మాట అందక మీరు కంగారు పడతారు.

సామాను మీరే సర్దండి. ఊళ్లోవాళ్లు "మా ఆయనకు ఈ చిన్న పొట్లం ఇవ్వు బాబూ" అని తెస్తారు. మొహమాటపడకండి, ఒక్క పొట్లమూ తీసుకోకండి. మాత్రలైతే అసలే వద్దు, మన దగ్గర మామూలుగా దొరికే కొన్ని నొప్పి మాత్రలు, నిద్ర మాత్రలు అక్కడ మత్తుమందుల లెక్కలోకి వస్తాయి. మసాలా పొడి చేసి పంపాలని మీకు ఉంటుంది. అందులో గసగసాలు వేయకండి. గసగసాలు అక్కడ నిషేధం, వాటివల్ల జైలుకు వెళ్లినవాళ్లున్నారు. పచ్చడి, సకినాలు, ఇప్ప లడ్డూలు, ఏం చేసినా మీ చేతులతో చేసినవే పెట్టండి.

బాబు వెళ్లనని మొండికేస్తే బలవంతం చేయకండి. "ఆయన నాకేమవుతాడు" అన్నాడని రాశారు. ఆ మాట కోపంతో అన్నదని మీరు అనుకుంటున్నారు, నాకైతే వాడు నిజంగానే అడుగుతున్నట్టు అనిపించింది. నెల రోజులు ఎక్కువనిపిస్తే పదిహేను రోజులకు టికెట్టు తీయండి. తిరిగి వచ్చే తేదీ వాడి చేతిలో ఉంటే వెళ్లే ధైర్యం వస్తుంది.

వచ్చిన రోజు ఏమీ అడగకండి. వేడినీళ్లు పెట్టండి, అన్నం పెట్టండి, నిద్రపోనివ్వండి. చుట్టుపక్కలవాళ్లు ఏం తెచ్చాడని వస్తారు, వాళ్లకు మీరే జవాబు చెప్పి పంపించండి. వాడు కొంచెం ముభావంగా ఉంటాడు, మీ మీద కూడా విసుక్కుంటాడు. ఇన్నాళ్లూ మీ కళ్లతో చూసిన మనిషిని తన కళ్లతో చూసి వచ్చాడు, ఆ రెండూ వాడిలో కలవడానికి కొన్ని వారాలు పడుతుంది. కొన్ని మీకు చెప్పడు. చెప్పకపోయినా పరవాలేదు.

నేను వచ్చిన రాత్రి అమ్మ కూడా ఏమీ అడగలేదు. తెచ్చిన బట్టలు మడతపెట్టి పెట్టెలో సర్దింది. రెండో రోజు మధ్యాహ్నం ఆమె వంట చేస్తుంటే నేనే వెళ్లి పక్కన కూర్చున్నాను. నాన్న పప్పు చేస్తాడని చెప్పాను. ఆమె గరిటె ఆపి నా వైపు చూసింది. మూడున్నరకు లేచి, ఉల్లిగడ్డ అరచేతిలో పెట్టి కోసి, ఉప్పు అరచేతిలోనే చూసుకుంటాడని చెప్పాను. చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత పొయ్యి వైపు తిరిగి, "మెంతులు వేస్తాడా?" అని అడిగింది.

"వేస్తాడు, ముందే నూనెలో" అన్నాను.

"అది అత్తమ్మ పద్ధతి" అంది.

మా అమ్మ పప్పులో మెంతులు ఎప్పుడూ వేసేది కాదు. మర్నాడు వేసింది.